కుడి బొటనవేలు

పోలీసు ఉద్యోగంలో ఇరవై ఎనిమిదేళ్లు చేసి, కానిస్టేబులుగా చేరి కానిస్టేబులుగానే దిగిపోయిన మనిషి తవిటయ్య. పద్మనాభం వైపు వరిచేల మధ్య పుట్టాడు. పెందుర్తిలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. విశాఖపట్నం రేవు పక్క వీధుల్లో సైకిలు తొక్కి తొక్కి మోకాళ్లు అరగదీసుకున్నాడు. దొంగల్ని తరిమి పట్టుకున్న కథలేవీ ఆయనకు లేవు. ఒకసారి పరిగెత్తబోతే లాఠీ కాళ్లకు అడ్డం పడి బోర్లా పడ్డాడని మాత్రం స్టేషన్లో చాలాకాలం చెప్పుకుని నవ్వారు. ఆయనకున్నదల్లా చక్కటి చేతిరాత, ఆ చేతిరాతతో నింపిన ఒక పుస్తకం. ఆ పుస్తకమే ఆయన ప్రమోషన్ని మింగేసింది. ఆ సంగతి ఇది.

ఎనభయ్యో సంవత్సరం నాటికి రేవు నుంచి లారీల రాకపోకలు పెరిగాయి. కొత్తగా కట్టబోయే ఉక్కు ఫ్యాక్టరీ పేరు చెప్పి ఊళ్లో ప్రతివాడూ ఏదో ఒకటి మొదలుపెడుతున్న రోజులవి. లారీల సరుకు ఎవరి మనుషులు దించాలన్న దగ్గర రెండు ముఠాలు తయారయ్యాయి. ఒకరోజు మధ్యాహ్నం నడిరోడ్డు మీద సైకిల్ చైన్లతో, ఇనప రాడ్లతో కొట్టుకున్నారు. ఆ స్టేషన్ ఇన్‌స్పెక్టరు గురునాథరావు మంచి అధికారి. లంచం ముట్టడు, నోరు జారడు. రౌడీని తూచడానికి ఆయన పద్ధతి ఆయనకుండేది. గొడవ జరిగిన చోటికి వెళ్లగానే ఎంతమందికి దెబ్బలు తగిలాయని కాదు, "ఎన్ని షట్టర్లు దిగాయి?" అని అడిగేవాడు. ఏ మనిషి పేరు వింటే ఎన్ని దుకాణాలు మూతపడతాయో అంత పెద్ద రౌడీ వాడు. జనం భయమే కదా మనం చూడాల్సింది అనేవాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ నాలుగు గోడల మధ్య మొగుడు పెళ్లాన్ని కొడితే ఏ దుకాణం షట్టరూ దిగదు. ఆ ఆలోచన అప్పట్లో ఇన్‌స్పెక్టరుకీ రాలేదు, తవిటయ్యకీ రాలేదు, నిజం చెప్పాలంటే ఊళ్లో ఎవరికీ రాలేదు.

ఆనాటి గొడవలో పదకొండు షట్టర్లు దింపించిన మనిషి తాతబాబు. పొడగరి, మాట మెత్తన. పోలీసుల్ని చూస్తే ముందు తనే నమస్కారం పెడతాడు. ఏడాదిన్నర జైల్లో ఉండి ఎనభై రెండు ఫిబ్రవరిలో బయటికొచ్చాడు. వచ్చీ రాగానే అతని పేరు మీద రౌడీ షీటు తెరిచారు. ఆ వీధి తవిటయ్య బీటులోది కాబట్టి ఆ బాధ్యత ఆయన నెత్తిన పడింది.

పని కష్టమైనదేం కాదు. సోమవారం, గురువారం దీపాలు పెట్టే వేళకు తాతబాబు ఇంటికి వెళ్లాలి. మనిషి ఇంట్లో ఉన్నాడా లేడా చూడాలి. ఉంటే పుస్తకంలో తేదీ వేసి, ఇంట్లోవాళ్ల చేత ఎడమ బొటనవేలి ముద్ర వేయించాలి. ఆ రెండు రోజుల్లోనూ ఎస్సైగారు ఇష్టమైనప్పుడు జీపేసుకుని మళ్లీ వచ్చి చూస్తాడు. అందుకని సోమ, గురువారాల్లో తాతబాబు మందు ముట్టకుండా, బుద్ధిగా చాపమీద కూర్చుని ఉండేవాడు.

ముద్ర వేసేది అతని భార్య నూకాలు. రేవులో చేపలు కొని గంపకెత్తుకుని ఊళ్లో అమ్ముకునే మనిషి. తవిటయ్య వీధి మొదట్లో సైకిలు బెల్లు కొట్టేసరికి గుమ్మంలోకి వచ్చి, చెంగుకు చెయ్యి తుడుచుకుని నిలబడేది.

"ఉన్నాడా?"

"ఉన్నాడు బాబూ."

తవిటయ్య లోపలికి తొంగి చూసేవాడు. తాతబాబు దండం పెట్టేవాడు. సిరా బిళ్ల తెరవడం, వేలు అద్దడం, ముద్ర. "ఇంటివద్ద ఉన్నాడు. శాంతి" అని పక్కన గుండ్రంగా రాసేవాడు. ఎప్పుడైనా నూకాలు ఎడమచేతికి గుడ్డ చుట్టి ఉంటే కుడి బొటనవేలు అద్దించి, నియమం ప్రకారం "కుడి" అని పక్కన రాసేవాడు. చేపలు కోసేవాళ్లకు వేళ్లు తెగడం మామూలే కదా అనుకున్నాడు. ఆమె చెయ్యి చూశాడు గానీ ముఖం చూడలేదు. చూడమని నియమంలో లేదు మరి.

ముద్ర వేసి వెళ్లబోతుంటే ఆమె అడిగేది, "రేపు రావేటి బాబూ?"

"రేపెందుకే? మల్లీ గురువారం," అని నవ్వి సైకిలెక్కేవాడు. మొగుడు బాగుపడుతున్నందుకు ఈ మనిషికి ఎంత సంతోషమో అని ఇంటికెళ్లి భార్యతో చెప్పేవాడు కూడా. వెర్రిబాగులవాడు.

పదహారు నెలలు గడిచాయి. తాతబాబు ఒక్క సోమవారం తప్పలేదు, ఒక్క గురువారం తప్పలేదు. మిగతా రోజుల్లోనూ వీధిలో గొడవ లేదు. సాయంత్రమయ్యేసరికి ఇంట్లో ఉంటున్నాడు. పాపం మారిపోయాడని టీకొట్టు వాళ్లే చెప్పారు. ఒక్క షట్టరూ దిగలేదు. గురునాథరావు తవిటయ్యని పిలిచి, "నీ మనిషి దారిలో పడ్డాడయ్యా. షీటు మూసేద్దాం. పుస్తకంలోదంతా శుభ్రంగా ఒక రిపోర్టు రాసి పట్రా. ఈ ఏడాది హెడ్డు ప్రమోషన్లలో నీ పేరు నేనే పంపుతాను," అన్నాడు.

తవిటయ్య ఛాతీ అంగుళం పెరిగింది. ఆదివారం ఇంట్లో మంచం మీద పుస్తకం పరిచి, రూళ్ల కాగితం మీద ఒద్దికగా రాయడానికి కూర్చున్నాడు. భార్య చిలకమ్మ పక్కనే కూర్చుని చింతపండు పిక్కలు తీస్తోంది. ఆమెకు అక్షరమ్ముక్క రాదు. రేషను కార్డు మీద, స్థలం కాగితాల మీద తనూ వేలిముద్ర వేసే మనిషే. మొగుడు అక్షరాలు చదువుకుంటూ పేజీలు తిప్పుతుంటే, ఆమె చదవగలిగిందల్లా ఆ ముద్రలే.

"ఈవిడ యేలికి కత్తి తెగిన గీత ఉన్నట్టుంది," అంది.

తవిటయ్య చూశాడు. నిజమే. ప్రతి ముద్ర మధ్యలోనూ సన్నటి తెల్ల గీత అడ్డంగా ఉంది. "సేపలమ్ముకుంటాది. కత్తిపీట తెగుంటాది," అన్నాడు.

"మరి ఇక్కడ గీత నేదేటి?"

"అది కుడి యేలు. ఎడం సేతికి దెబ్బ తగిలితే కుడిది ఏయించినాను."

చిలకమ్మ ఇంకో పేజీ తిప్పమంది. ఇంకోటి. చింతపండు పక్కన పెట్టేసింది. "ఇదిగో, ఇక్కడా నేదు. ఇక్కడా. మల్లీ ఎడం యేలు వచ్చేసరికి సూడండి, గీతలు రెండైనాయి." ఆగింది. "ఎడం సెయ్యే ఎందుకు తగుల్తాదండి ఎప్పుడూ?"

"నాకేటి తెలుస్తాది?"

చిలకమ్మ ఎవరో కొట్టబోతే అడ్డం పెట్టుకున్నట్టు ఎడమ చెయ్యి నుదుటి మీదికి ఎత్తి చూపించింది. అంతే. తవిటయ్య చేతిలో కలం ఆగిపోయింది. పుస్తకం మొదటినుంచీ తిప్పాడు. పదహారు నెలల్లో అయిదుసార్లు "కుడి" అని తన చేత్తోనే, తన గుండ్రటి అక్షరాలతోనే రాశాడు. ప్రతిసారీ పక్కన "శాంతి" అని కూడా రాశాడు.

సోమవారం పొద్దున్నే చేపల బజారుకు వెళ్లాడు. యూనిఫాం వేసుకోలేదు. నూకాలు గంప ముందు కూర్చుని వంజరం ముక్కలు కోస్తోంది. ఆయన్ని చూసి గాభరా పడింది.

"ఏటి బాబూ, ఇక్కడికొచ్చినావు? ఆడేటైనా సేసినాడా?"

"ఆడు నిన్ను కొడతన్నాడా?"

నూకాలు కత్తి కింద పెట్టింది. చుట్టుపక్కల ఎవరైనా విన్నారేమోనని చూసింది. తరవాత నెమ్మదిగా చెప్పింది. జైలుకు పోకముందు తాతబాబు కోపమంతా రోడ్డుమీద ఖర్చయ్యేది. షీటు తెరిచాక రోడ్డుమీద చెయ్యెత్తితే మళ్లీ జైలే. ఇంట్లో ఉంటే ఊరి కంటికి మంచివాడు. అందుకని సాయంత్రానికి ఇంటికి వచ్చేస్తాడు. సోమవారం, గురువారం ముట్టుకోడు. జీపు మళ్లీ వస్తుందేమోనని భయం. మిగతా అయిదు రోజులూ ఆమెవి.

"నీ బెల్లు ఇనబడితే ఆ పూటకి బతికినాననుకుంటాను బాబూ. అందుకే రేపు రావేటని అడుగుతాను."

"మరి ఇన్నాల్లూ నాతోటి ఎందుకు సెప్పనేదే?"

నూకాలు ఆయన ముఖంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. "నువ్వడిగిందేటి? ఉన్నాడా లేడా అని. ఉన్నాడనే సెప్పినాను."

తవిటయ్య తల దించుకున్నాడు. ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. జైలుకు పోకముందు ఒకసారి చెవి తెగి రక్తం కారుతూ స్టేషనుకు వెళ్తే, గేటు దగ్గరున్న పోలీసు మొగుడూ పెళ్లాల గొడవలు ఇంట్లోనే చూసుకోమని వెనక్కి పంపించేశాడట. "ఆ పోలీసువి నువ్వే బాబూ. నీకు గేపకం నేదు," అంది. నిజంగానే ఆయనకు జ్ఞాపకం లేదు. అలా వెనక్కి పంపిన ఆడవాళ్లు ఎంతమందో!

"సీటు మూసేత్తారంట కదా, టీకొట్టు కాడ అనుకుంతన్నారు," అంది చివరికి. "మూసీకండి బాబూ. ఆ రెండ్రోజులూ కూడా పోతే నాను బతకను."

తవిటయ్య స్టేషనుకు వెళ్లి, పుస్తకం ఇన్‌స్పెక్టరు బల్ల మీద తెరిచి, అయిదు చోట్లా వేలుపెట్టి చూపించాడు. గురునాథరావు ఓపిగ్గానే విన్నాడు. మంచివాడన్నాను కదా.

"నువ్వు చెప్పేది నిజమే కావచ్చు తవిటయ్యా. కానీ షీటు ఎందుకు? బయట జనానికి భంగం కలగకుండా. బయట వాడివల్ల ఎవరికైనా భయం ఉందా?"

"నేదండి."

"మరింకేం? ఆవిడ వచ్చి చెబితే వాణ్ని పిలిచి గట్టిగా మందలిస్తాను. చిన్న దెబ్బలకు ఆవిడే కోర్టుకు పోవాలి. ఇంటి విషయాలు షీటులో రాయడానికి గడి ఎక్కడుంది, చూపించు."

తవిటయ్య షీటు రెండువైపులా తిప్పి చూశాడు. మనిషి ఎత్తు రాయడానికి గడి ఉంది, పుట్టుమచ్చలకు ఉంది, స్నేహితుల పేర్లకు ఉంది, తిరిగే చోట్లకు ఉంది. భార్య పేరుకు కూడా ఒక గడి ఉంది. అది ఆవిడ ఎలా ఉందో రాయడానికి కాదు, వాడు పారిపోతే ఎక్కడ వెతకాలో తెలియడానికి. ఆయన రిపోర్టు రాయలేదు. స్టేషను రైటరు శ్రీరామ్మూర్తి రాశాడు. "నీకేటి పట్టింది బావా, నోటికాడ ముద్ద తోసేసుకుంతన్నావ్," అని పాపం బతిమాలాడు కూడా. షీటు మూసేశారు. ప్రమోషను లిస్టులో తవిటయ్య పేరు వెళ్లలేదు.

ఇక్కడ తవిటయ్య తన జీవితంలో మొదటిసారి, చివరిసారి, నియమం తప్పాడు. షీటు మూసినట్టు రౌడీకి కబురు పెట్టే ఆనవాయితీ లేదు. టీకొట్టు దగ్గర అనుకునే మాటలు నిజమో కాదో తాతబాబుకు ఎవరు చెప్పాలి? మర్నాడు దీపాలవేళ తవిటయ్య యథాప్రకారం బెల్లు కొట్టుకుంటూ వెళ్లాడు. పుస్తకం తెరిచాడు. ముద్ర వేయించాడు. "పైనుంచి కొత్త ఆర్డరొచ్చింది, ఇక రోజూ సూడాలంట," అన్నాడు. తాతబాబు ముఖం ముడుచుకున్నాడు గానీ దండం పెట్టాడు. గుమ్మంలో నూకాలు పెదవి కొరుక్కుని నిలబడింది.

డ్యూటీ అయిపోయాక, పెందుర్తి పోయే బస్సును వదిలేసి, ఏడు నెలలు రోజూ వెళ్లాడు. వానలో వెళ్లాడు. జ్వరం వచ్చిన రెండు రోజులూ వెళ్లాడు. ఇప్పుడు ముద్ర తీసుకునేటప్పుడు చెయ్యి మాత్రమే కాదు, ముఖం చూసేవాడు. "నువ్వెలా ఉన్నావు?" అని అడిగేవాడు. "బాగున్నాను బాబూ," అనేది. ఇంటికి ఆలస్యంగా వచ్చినందుకు చిలకమ్మ ఒక్కనాడూ సణగలేదు. వచ్చీ రాగానే "ఏ యేలు?" అని మాత్రం అడిగేది. "ఎడమది," అంటే కంచం పెట్టేది.

ఎనభై నాలుగు జనవరి ఆఖర్లో పాత కేసు వాయిదాకు వెళ్లిన తాతబాబుకు కోర్టు వరండాలో ఎవరో అసలు సంగతి చెప్పేశారు. ఆ సాయంత్రం తవిటయ్య వెళ్లేసరికి గుమ్మంలో నూకాలు లేదు, అతనే ఉన్నాడు. గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది.

"నా సీటు మూసి ఏడు నెలలైందంట కదా బాబూ. మరి నా ఇంటికి ఏ పనిమీద ఒత్తన్నారు?"

తవిటయ్య అతని భుజం మీంచి తొంగి చూశాడు. లోపల కిరసనాయిలు దీపం వెనక నూకాలు నీడ కనిపించింది. గడప దాటడానికి ఆయన చేతిలో ఒక్క కాగితం లేదు. "రేపు కూడా ఒత్తాను," అని మాత్రం అనగలిగాడు. సైకిలు తిప్పుకుని వచ్చేశాడు. ఆ వచ్చేయడాన్ని ఆయన చచ్చేదాకా క్షమించుకోలేదు. తలుపు తోసుకుని వెళ్లి ఉంటే ఏమయ్యేదని చిలకమ్మ ఎన్నిసార్లు సమాధానపరిచినా వినేవాడు కాదు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి నూకాలు స్టేషను మెట్లెక్కింది. ఒక్కతే వచ్చింది. రెండు చేతులూ మోచేతులదాకా తడి గుడ్డలు చుట్టి ఉన్నాయి. గేటు దగ్గర ఎవరూ ఆపకుండా తవిటయ్యే ఎదురెళ్లి తీసుకొచ్చాడు. పచ్చడి బండతో కొట్టాడని ఆమె చెబుతుంటే శ్రీరామ్మూర్తి కాగితం తీసుకుని ఫిర్యాదు రాశాడు. చదివి వినిపించాడు. అలవాటు కొద్దీ సిరా బిళ్ల ముందుకు తోసి, "ఏలిముద్ర ఎయ్యమ్మా," అన్నాడు.

నూకాలు రెండు చేతులూ ఎత్తి చూపించింది. ఎడమా లేదు, కుడీ లేదు. శ్రీరామ్మూర్తి సిరా బిళ్ల మూసేశాడు.

తవిటయ్య ఇన్‌స్పెక్టరు గదిలోకి వెళ్లి పుస్తకం బల్ల మీద పెట్టాడు. గురునాథరావు తిరగేశాడు. షీటు మూసిన తేదీ దాటాక కూడా ముద్రలు ఉండటం చూసి ముఖం ఎర్రబడింది.

"ఎవరి ఆర్డరు మీద తీసుకున్నావివి?"

"ఎవరి ఆర్డరూ నేదండి."

"నీ ఉద్యోగం పోతుందని తెలుసా?"

"తెలుసండి."

ఆయన కోపంగానే పేజీలు తిప్పుతూ పోయాడు. ఏడు నెలలు. ప్రతి పేజీలో వరసగా, రెండు తెల్ల గీతలున్న ఎడమ బొటనవేలు. తిప్పడం నెమ్మదించింది.

"ఇందులో 'కుడి' అన్న మాట ఒక్కచోటా లేదేం?"

"రోజూ ఎల్లినానండి. అందుకని."

ఇన్‌స్పెక్టరు పుస్తకం మూసి బల్ల సొరుగు లాగాడు. కట్టుకున్న భార్యను హింసించడం జైలు శిక్ష పడే నేరమని ఆ చలికాలమే కొత్త సెక్షను వచ్చింది. దాని తాలూకు కాగితం ఆయన సొరుగులో నెలరోజులుగా పడి ఉంది. దాన్ని బయటికి తీసి దుమ్ము దులిపి చదివాడు. లేచి బయటికి వచ్చి, నూకాలుకి కుర్చీ వేయించి, ఆ స్టేషన్లో ఆ సెక్షను కింద మొదటి కేసు తనే చెప్పి రాయించాడు. ముద్ర వేయాల్సిన చోట శ్రీరామ్మూర్తి ఆగితే, "ఫిర్యాదుదారు వేలిముద్ర వేయలేని స్థితిలో ఉన్నది. అలాగే రాయి. అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?" అన్నాడు.

పుస్తకం కోర్టుకు వెళ్లింది. తాతబాబుకు రెండేళ్లు పడ్డాయి. మూసిన షీటు మీద అనుమతి లేకుండా విచారణ చేసినందుకు తవిటయ్యకు మెమో వచ్చింది, ఇంక్రిమెంటు ఆగింది, ప్రమోషను మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. మెమో మీద సంతకం గురునాథరావుదే. పుస్తకాన్ని కోర్టులో పెట్టించిందీ ఆయనే, అది రాసినవాణ్ని శిక్షించిందీ ఆయనే. రెండూ నియమం ప్రకారమే జరిగాయి. నాకైతే ఆ రెండోదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. తవిటయ్యకు మాత్రం మండలేదు.

మెమో అందుకున్న సాయంత్రం ఆయన దాన్ని మడిచి జేబులో పెట్టుకుని సైకిలెక్కాడు. కాళ్లు అలవాటైన దారినే పట్టాయి. వీధి మొదట్లో బెల్లు కూడా కొట్టాడు. కొట్టాక గుర్తొచ్చింది, ఆ ఇంట్లో చూడాల్సిన మనిషి జైల్లో ఉన్నాడని. అప్పటికే నూకాలు గుమ్మంలోకి వచ్చి, చెంగుకు చెయ్యి తుడుచుకుంటోంది. ఎముకలు అతుక్కున్నాయి గానీ ఎడమ బొటనవేలు మాత్రం వంగడం లేదు.

"ఎవులూ నేరు బాబూ. నానే ఉన్నాను," అంది. ఆయన చేతులవంక చూసింది. "పుస్తకమేదీ?"

"కోర్టులో ఉందే."

"మరి నానెందులో ఎయ్యాలి?"

తవిటయ్య జేబులు తడుముకున్నాడు. మెమో తప్ప ఇంకో కాగితం లేదు. దాన్ని తిరగేసి, సైకిలు సీటు మీద పరిచి, తేదీ వేశాడు. సిరా బిళ్ల తెరిచి పట్టుకున్నాడు. నూకాలు వంగని వేలిని నిలువుగా అద్ది, నొప్పి తెలియకుండా పళ్లు బిగించి, కాగితం మీద నొక్కింది. దాని పక్కన ఆయన తన గుండ్రటి అక్షరాలతో రాశాడు: "నూకాలు. ఇంటివద్ద ఉన్నది. శాంతి."